బెల్టు కట్టిన కుక్క

రాస్తున్నది నేను కాదు. నాకు సంతకం వరకే వచ్చు, అదీ వంకరగా. నేను చెబుతూ ఉంటే మా చర్చి పాస్టరుగారి భార్య రాస్తున్నారు. నా మాట మోటుగా ఉంటుంది, కాస్త సరిచేస్తానన్నారు. అక్షరాలు సరిచేసుకోండమ్మా, సంగతి మాత్రం సరిచేయకండి అన్నాను.

సంగతి ఒక కుక్కది. ఓస్, కుక్కదేనా అనుకునేవాళ్ళు ఇక్కడే ఆపేయవచ్చు. మా ఆయన పోయినప్పుడు కూడా ఓస్, ఆటోవాడేనా అనుకున్నవాళ్ళున్నారు. నాకు అలవాటే.

విజయనగరంలో రైలు పట్టాలకు అవతల ఉంటుంది మా పేట. మా ఆయన ఆటో నడిపేవాడు. ఒక వానాకాలం ఆటో వెనక సీటు కిందకి ఒక కుక్కపిల్ల దూరి పడుకుంది. ఒంటి మీద ఒక్క తెల్ల వెంట్రుక లేదు, బొగ్గుముక్కలా ఉంది. దాన్ని దింపబోతే ఆయనే వద్దన్నాడు. పేరంటూ ఏమీ పెట్టలేదు. "ఒరే మావా, జరుగు" అనేవాడు, పొద్దున్నే ఆటో తుడుచుకుంటూ. పేటంతా మావ అనే పిలిచింది.

నేను ఊరుకోలేదు. "నీకు మావంటే మా నాన్నే కదేటి. మా నాన్నని కుక్కని సేసినావా?" అన్నాను.

"మీ నాన్న ఒక్కనాడైనా నన్ను సూసి ఇలా తోకూపినాడేటే?" అన్నాడు.

అలాంటి మనిషి. పిల్లలు మాకు కలగలేదు. దానికి నన్ను ఒక్కనాడు మాట అనలేదు. అన్నవాళ్ళు వేరే ఉన్నారు.

కుక్క మాది అంటున్నాను గానీ, మా పేటలో కుక్క ఏ ఒక్కరిదీ కాదు. అది పడుకునేది మా గుమ్మంలో. మొరిగేది మా కోసం. కడుపు మాత్రం పేటంతటిదీ. పొద్దున్నే పక్కింటి చేపలావిడ గంప దించి చేపలు కోస్తుంటే తలకాయలూ తోకలూ దీనికి పడేవి. ఆవిడ నన్ను ఒదినా అంటుంది, నేనూ ఆవిణ్ణి ఒదినా అంటాను, ఎవరికి ఎవరు ఒదినో మాకే తెలీదు. మధ్యాహ్నం టీ దుకాణం దగ్గర బన్నుముక్క. వీధి మొదట్లో కిరాణా కొట్టు షావుకారుగారి భార్యకి శని పట్టిందని ఎవరో చెప్పారట. శనివారం నల్ల కుక్కకి నూనె రాసిన రొట్టె పెట్టమన్నారట. పేటలో నిఖార్సయిన నలుపు మా మావే. అందుకని శనివారం శనివారం ఆవిడ మా గుమ్మం ముందుకొచ్చి, చెంగు సర్దుకుని, రొట్టె పెట్టి, దండం పెట్టి వెళ్ళేది. యేసుప్రభువు పటం ఉన్న గుమ్మంలో శని రొట్టె. మా ఆయన పడీ పడీ నవ్వేవాడు. మావ మతం చూడలేదు, రొట్టె చూసింది.

ఎవరూ దానికి పెడుతున్నామని అనుకోలేదు. చేతిలో మిగిలింది కింద పడేశారు, అంతే. అలాగే ఏళ్ళు గడిచాయి. పెద్ద తుఫాను వచ్చి మా పేటలో రేకులన్నీ లేచిపోయిన ఏడు కూడా అది బక్కపడలేదు. మేమే బక్కపడ్డాం.

ఆ తరవాత ఏడాది మా ఆయనకి జాండిసు వచ్చింది. పసరు పోయించాం. ప్రార్థన చేయించాం. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. ఆయన్ని పెట్టిన పెట్టె ఇంటి ముందు ఉన్న రోజు పొయ్యి వెలిగించలేదు నేను. మావ మూడిళ్ళు తిరిగి తినేసి వచ్చి, మూతి నాక్కుంటూ పెట్టె పక్కన పడుకుంది. దాని మీద నాకు కోపం రాలేదు. ఈర్ష్య వచ్చింది. దానికి అన్నం పెట్టే ఇళ్ళు అన్ని ఉన్నాయి. నన్ను తిన్నావా అని అడగడానికి ఆ మర్నాటి నుంచి ఎవరూ లేరు.

ఆటో మరిది తీసుకున్నాడు. ఆడదానివి, నీకెందుకన్నాడు. నిజమే, నాకెందుకు.

అప్పుడు మా చర్చికొచ్చే నర్సమ్మ ఒక పని చూపించింది. ఆవిడ ఉండే అపార్టుమెంటులోనే ఒక ఇల్లు. ఆయన బ్యాంకులో, ఆవిడ కాలేజీలో. పొద్దున పోతే పొద్దుపోయి వస్తారు. ఒక మనిషి కావాలట. వంటకి కాదు, అంట్లకి కాదు, వాటికి వేరే మనిషి ఉంది. కుక్కని కనిపెట్టుకుని ఉండటానికి. మా ఆయన పోయాక నేను మొదటిసారి నవ్వింది ఆ మాటకే.

నిజమే అది. మూడో అంతస్తు, చల్లటి గది, అందులో తెల్లటి బొచ్చు కుక్క. ముక్కు ఎవరో నొక్కేసినట్టుంటుంది. పాపం, అది చెడ్డది కాదు. ఒంటరిగా వదిలేస్తే మొరుగుతుంది. పక్క ఫ్లాట్లవాళ్ళు గొడవపెట్టారట. మేడానికి నా కన్నా పదేళ్ళు తక్కువ వయసు. మొదటి రోజు తలుపు తీయగానే చేతులు చూపించమంది. "బయట ఏవేవో ముట్టుకుని వస్తావు కదమ్మా. మా వాడికి ఇన్ఫెక్షన్లు వస్తాయి. ముందు చేతులు, తరవాతే వాడు" అంది. సబ్బుతో ఒకసారి, సీసాలో మందుతో ఇంకోసారి. రోజూ అదే. ఇంట్లో అడుగుపెట్టడం అంటే నాకు చేతులు కడుక్కోవడమే.

సాయంత్రం మేడం వచ్చేది. చెప్పులు విప్పకుండానే నేల మీద కూర్చునేది. "సారీ నాన్నా, సారీ బంగారం, అమ్మ పాపిష్టిదిరా, నిన్నొదిలేసి పోయింది" అని దాన్ని ఎత్తుకుని ఏడ్చేది. ఏడుపంటే నాటకం కాదు, కళ్ళమ్మట నీళ్ళే. మధ్యాహ్నం కాలేజీ నుంచి ఫోనులో బొమ్మ కనిపించేలా పిలిచేది. ఫోను కుక్క మొహం ముందు పట్టుకోవడం నా పని. ఆవిడ అక్కడ ముద్దులు పెడుతుంటే ఇది ఫ్యాను వంక చూసేది. "బెంగపెట్టుకున్నాడు, మొహం చూడు" అనేది మేడం. నాకు కనిపించిన మొహం నిద్రమొహం. ఆ మాట చెబితే నా పని పోతుంది.

మొదట్లో ఇదంతా వేడుకగా ఉండేది. పేటకి వెళ్ళి చేపలొదినకి చెబుతుంటే పొట్ట పట్టుకునేది. రాను రాను నవ్వు తగ్గింది. ఆ కుక్కకి నేను కలిపే పెరుగన్నం, ఉడికించిన కోడిముక్కలు, వేళకి నీళ్ళు. అది తింటుంటే నేను పక్కన కూర్చుని మావని తలుచుకునేదాన్ని. పొద్దున చీకటితో చోడి అంబలి, అదే రాగి జావ, సిబ్బి పళ్ళెంలో పోసి గుమ్మం పక్కన పెట్టి వచ్చేదాన్ని. దాన్ని కోళ్ళు ఎంత తినేవో, కాకులు ఎంత తినేవో. రాత్రికి ఇంటికెళ్ళి అన్నం వండితే దానికో ముద్ద. ఎవరి కుక్కకో నేను తల్లిని, నా కుక్కకి దిక్కులేదు. ఈ రోగం నాకు ఆ ఇంట్లోనే అంటుకుంది. అంతకుముందు మా పేటలో కుక్కని వదిలి పనికిపోతే అది పాపమని ఎవరికీ తెలీదు. పిల్లల్నే వదిలి పోతారు, కుక్కదేముంది. మేడం ఏడుపు రోజూ చూసి చూసి, నాకూ ఏడవాలని బుద్ధి పుట్టింది.

ఒకరోజు నోరు జారి నాకూ ఒక కుక్క ఉందని చెప్పాను. మేడం గుండె మీద చెయ్యి వేసుకుంది. దానికి ఎవరున్నారు పగలు అని అడిగింది. వీధిలో తిరుగుతుంది అన్నాను. బెల్టు ఉందా అంది. లేదన్నాను. "బెల్టు లేకపోతే అది నీదని ఎవరికి తెలుస్తుందమ్మా? పాపం, దానికైనా తెలియాలి కదా, నాకూ ఒకరున్నారని" అంది. లోపలికి వెళ్ళి వాళ్ళ కుక్కకి ఎప్పుడో కొని కట్టకుండా ఉంచిన ఎర్ర బెల్టు తెచ్చింది. వాడికి వదులు, నీ దానికి సరిపోతుంది అని నా చేతిలో పెట్టింది. మెత్తటి తోలు, ఇత్తడి కొండీ.

ఆ బెల్టు పట్టుకుని ఇంటికి పరిగెత్తాననే చెప్పాలి. మావ మెడకి కట్టాను. అది కాసేపు కాలితో గీరుకుంది, తరవాత ఊరుకుంది. నా మెడలోది తీసేసి అప్పటికి ఏడాది దాటింది. ఒకరికి కట్టే చెయ్యి నాకూ ఉందని ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాను. దానికి ఏదో చేసేశానన్న తృప్తి. ఏం చేశానో చూడండి ఇక.

పేటలో నవ్వారు. "మావకి బెల్టు కట్టినావేటే, దానిక్కూడా ఉద్యోగం వచ్చినాదా?" అని టీ దుకాణం దగ్గర ఒకడు అన్నాడు. ఇంకొకడు ఇక దాన్ని మావ అనకూడదు, సారు అనాలన్నాడు. నేనూ నవ్వాను. గొప్పగానే ఉంది నాకు.

నెల తిరక్కుండా మావ చిక్కిపోవడం మొదలుపెట్టింది. పక్కటెముకలు తేలాయి. నేను రాత్రి తలుపు దగ్గరకి రాగానే కాళ్ళకి చుట్టుకుపోయేది. నా చేతులు వదలకుండా నాకేది. వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు. కూంయి కూంయిమనేది. ఇదివరకు ఇంత అతుక్కునేది కాదు. మర్నాడు మేడానికి చెప్పాను. ఆవిడ తల ఊపింది. "అది బెంగమ్మా. నువ్వు లేకపోతే తినట్లేదు. మావాడూ అంతే. కుక్కలు మనిషి కోసం ప్రాణం పెడతాయి" అంది. నా కోసం బెంగపెట్టుకునే ప్రాణం ఒకటి ఈ లోకంలో మిగిలి ఉందా అనిపించింది. నేనూ ఏడ్చాను, ఆవిడా ఏడ్చింది, బొచ్చుకుక్క మా ఇద్దర్నీ చూసి ఆవలించింది.

బెంగకి మందని మేడం ఒక రబ్బరు ఎముక ఇచ్చింది. పగలు దాంతో ఆడుకుంటే మనిషిని మరిచిపోతుందట. మావకిచ్చాను. సాయంత్రానికి ముక్కలు ముక్కలు చేసి సగం మింగేసింది. ఎంత బాగా ఆడుకుందో అనుకున్నాను. చిన్నప్పుడు నేను ఆకలికి గోడసున్నం గీరుకుని తిన్నదాన్ని. ఆకలి ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఎదురుగా ఉంటే పోల్చుకోలేకపోయాను. బెంగ అనే మాట అంత తియ్యగా ఉంది.

ఒక రెండో శనివారం మేడం శ్రీకూర్మం మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళింది. సారు ఇంట్లో ఉన్నాడు కాబట్టి నాకు సెలవు. ఎన్నాళ్ళకో పగటిపూట ఇంట్లో ఉన్నాను. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. షావుకారుగారి భార్య రొట్టె గిన్నెతో వస్తోంది. మావ లేచి, తోక ఊపుకుంటూ, నడుం వంకర్లు తిప్పుకుంటూ ఎదురువెళ్ళింది. ఆవిడ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పక్కకి తప్పుకుంది. గోడవారన ఒక మసిరంగు కుక్క ఉంటే దానికి పెట్టింది. అది నలుపు కూడా కాదు. మావ దూరంగా నిలబడి చూసింది. ఆ కుక్క తిని వెళ్ళిపోయాక వచ్చి నేల నాకింది.

చేట కింద పెట్టేసి లేచాను. ఏమ్మా, మా దానికి పెట్టరేం అని అడిగాను. ఆవిడ నొచ్చుకుంది గానీ దాచలేదు. మెడలో బెల్టున్న కుక్కకి పెడితే పుణ్యం పెంచినవాళ్ళకి పోతుందట. పంతులుగారినే అడిగి తెలుసుకున్నదట. "నీ పున్నెం నీకు కలిసొస్తాది, నా శని నాకే ఉంటాది. నా మీద ఏటీ అనుకోకమ్మా" అంది.

చేపలొదిన ఇంట్లోనే ఉంది. వెళ్ళి ఆవిణ్ణీ అడిగాను. నువ్వూ మానేశావా అన్నాను. ఆవిడ కత్తిపీట మీద నుంచి లేవలేదు. చేప పొలుసు తీస్తూనే చెప్పింది.

"ఒదినా, నీ మీద కోపంతో మాననేదు. బెల్టు సూసి మానేసినాను. బెల్టు కట్టిన కుక్కకి నాను తలకాయ ఏస్తే, నీ కుక్కకి నువ్వు కూడెట్టనేకపోతన్నావని నలుగుర్లో సెప్పినట్టు కాదేటి? నీ పరువు నాను తియ్యాలా? మొగుడు పోయినదానివి, కట్టపడి నెగ్గుకొస్తన్నావు. పెద్దింట్లో పని. నీ కుక్కకి పెరుగన్నాలు తెస్తన్నావనుకున్నాం."

టీ దుకాణం వాడూ అంతే అనుకున్నాడట. ఎవరి మర్యాద వాళ్ళు నాకు ఇచ్చారు. ఇన్ని మర్యాదల మధ్య మావకి తిండి పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, రాత్రుళ్ళు అది నా చేతులు ఎందుకు నాకేదో. ఆ చేతులకి కోడిముక్కల వాసన. ఇంకో కుక్కకి కలిపిన పెరుగన్నం వాసన. నా కోసం కాదు. ఇంటికొచ్చేముందు మాత్రం చేతులు కడుక్కోమని ఎవరూ చెప్పలేదు నాకు.

ఆవిడ కత్తిపీట మీదే బెల్టు కోసేశాను. కింద వెంట్రుకలు ఊడి, చర్మం గులాబీ రంగులో ఉంగరంలా తేలింది. చేపలొదిన వెంటనే రెండు తలకాయలు వేసింది. మావ నమలకుండా మింగింది. నేను చూడలేక లోపలికి పోయాను.

బెల్టు తీసేస్తే అంతా మునుపటిలా అవుతుందనుకున్నాను. కట్టనంత వరకు అది ఎవరిదీ కాదు. ఒకసారి కట్టాక, తీసేసినా నాదే. చేపలొదిన వేసేది, కాదనను. కానీ వేసి మా ఇంటి వైపు చూసేది. టీ దుకాణం దగ్గర మాట పుట్టింది. దొరల కుక్కకి పెరుగన్నం, ఇంటి కుక్క ఊరి మీద అని. ఇదివరకు చేతిలో మిగిలింది పడేసేవాళ్ళు. ఇప్పుడు నాకు సాయం చేస్తున్నారు. ఆ తేడా తిన్నవాళ్ళకి తెలుస్తుంది. మావకి తెలీదు, నాకు తెలుసు.

మేడాన్ని అడిగాను. మధ్యాహ్నం ఒక్క పూట ఇంటికి వెళ్ళి దానికి ఇంత ముద్ద పెట్టి వస్తానన్నాను. ఆవిడ చాలా బాధపడింది. బాధపడటంలో ఆవిడకి ఎవరూ సాటిరారు. అంతసేపు మావాడు ఒక్కడూ ఉండలేడమ్మా, నీకు తెలుసు కదా, నీకూ కుక్క ఉంది కదా అంది. పోనీ దాన్ని తెచ్చి కింద వాచ్‌మన్ గది దగ్గర కట్టుకుంటానన్నాను. వీధి కుక్కలకి పురుగులుంటాయి, నువ్వు దాన్ని ముట్టుకుని వీణ్ణి ముట్టుకుంటే ఎలా అంది. కావాలంటే వారానికి ఒకరోజు నేనే దానికి బిస్కెట్లు పంపిస్తానంది. నేను తల ఊపాను. పని వదిలేయవచ్చు కదా అనేవాళ్ళుంటారు. వదిలేస్తే ఇద్దరం చేపతలకాయల కోసం నిలబడేవాళ్ళం.

మేడం ఇంటి దగ్గర రోడ్డు మీద ఒక టిఫిన్ బండి, దాని పక్కన కోడిమాంసం కొట్టు ఉన్నాయి. అక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు. నాకు అక్కడ పరువు లేదు, తీసేవాళ్ళూ లేరు.

ఒక తెల్లవారుజామున ఆటో ఎక్కకుండా మావని నడిపించుకుని బయల్దేరాను. రైలు గేటు దాటాం. కోట రోడ్డు మీద అది నా ముందు ముందు పరిగెత్తి, వెనక్కి చూసి, మళ్ళీ పరిగెత్తింది. మా ఆయన ఆటోలో రోజూ తిరిగిన రోడ్డే. ఎక్కడికో మంచిచోటికే అనుకుని ఉంటుంది. కోళ్ళ కొట్టువాడు షట్టరు ఎత్తుతూ ఒక మెడముక్క విసిరాడు. మావ దాని మీద పడింది. నేను గేటులోకి వెళ్ళిపోయాను.

సాయంత్రం నేను దిగేసరికి గేటు ముందే కూర్చుని ఉంది. వెంట వచ్చింది. పొమ్మన్నాను. పోలేదు. రాయి తీశాను. నేను రాయి తీయడం అది ఎప్పుడూ చూడలేదు, ఆటేమో అనుకుని తోక ఊపింది. తగిలేలాగే కొట్టాను. మర్నాడూ వచ్చింది, మర్నాడూ కొట్టాను. తరవాత తరవాత గేటు దగ్గరకి రావడం మానేసి, బండి కింద పడుకునే తల ఎత్తి చూసేది.

పేటలో ఎవరైనా అడిగితే ఎటో పోయిందని చెప్పాను.

అది అక్కడ తేరుకుంది. అది నిజం, నిజం చెప్పాలి. టిఫిన్ బండావిడ మాడిన అట్లు వేసేది, కోళ్ళ కొట్టువాడు కాళ్ళూ మెడలూ వేసేవాడు. ఒళ్ళు నున్నబడింది. మెడ చుట్టూ ఉంగరం మాత్రం అలాగే ఉండిపోయింది, అక్కడ వెంట్రుక మొలవలేదు. ఆ ఉంగరం చూసి అందరూ తిట్టేవాళ్ళు. ఎవరో పెంచి వదిలేశారు, వాళ్ళ చేతులు పడిపోను, పెట్టలేనోళ్ళు కట్టడం ఎందుకు. బండావిడ వచ్చేపోయే ప్రతివాడికీ చెప్పేది. నేను ఆ పక్క నుంచే పోవాలి. రోజూ పొద్దున్నే తిట్లు తిని పనిలోకి ఎక్కేదాన్ని.

ఒక చలి పొద్దున బండి దగ్గర జనం ఉన్నారు. నాకు వేళ్ళు కొంకర్లు పోతుంటే పొయ్యి దగ్గర ఆగాను. మావ బండి కింద నుంచి వచ్చి నా కాళ్ళ మీద గడ్డం ఆనించి పడుకుంది. సరిగ్గా అప్పుడే మేడం వాళ్ళ కుక్కని గొలుసుతో పట్టుకుని కిందకి దిగింది. ఆ వేళ కాలేజీకి తీరిగ్గా వెళ్ళాలి కాబోలు. మావని చూసి ఆగిపోయింది. దూరం నుంచే వంగి చూసింది. మెడ మీది మచ్చ చూసి ఆవిడ కళ్ళు నిండాయి.

"చూడమ్మా, బెల్టు ఉండేది దీనికి. ఎవరో వదిలేసి పోయారు. మనుషులేనా వీళ్ళు? ఇలాంటివాళ్ళకి కుక్కలెందుకు?" అంది. తరవాత నా వంక చూసింది. "నిన్ను వదలట్లేదేమిటి? నీకు తెలుసా ఈ కుక్క?"

బండావిడ అట్లకాడ పట్టుకుని నా వైపు తిరిగింది. "ఔను, రోజూ నీకాసే సూస్తాది. నీదేటి?"

ఔనంటే ఏమవుతుందో రెండు క్షణాల్లో లెక్కకొచ్చింది. మేడం నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. బండావిడ ఇంకో అట్టు వేయదు. బెల్టు లేకుండానే మళ్ళీ బెల్టు కట్టినట్టవుతుంది దానికి.

"కుక్క సూస్తే నాదైపోతాదేటి? నీ అట్లకాసి కూడా సూస్తాది, మరి అవి దానివేనా?" అన్నాను.

నవ్వారు అందరూ. కోళ్ళ కొట్టువాడు కూడా నవ్వాడు. నేను కాలు లాక్కున్నాను. దాని గడ్డం నేలకి తగిలింది. లేవలేదు, కళ్ళు మాత్రం పైకెత్తింది.

లిఫ్టులో మేడం నా చీర అంచు చూసింది. "అది నీ మీద పడుకుంది. బాగా కడుక్కో చేతులు. రెండుసార్లు" అంది. కడుక్కున్నాను. రెండుసార్లు.

ఏమ్మా, పాస్టరమ్మగారూ, ఆగిపోయారు? రాయండి. సంగతి సరిచేయవద్దన్నాను కదా.

ఆ తరవాత కూడా అది అక్కడే ఉంది, వానాకాలం వచ్చి వెళ్ళేవరకు. నేను రోడ్డుకి అవతలివైపు నుంచి నడవడం నేర్చుకున్నాను. ఒక పొద్దున బండి కింద అది లేదు. మర్నాడూ లేదు. గోనెసంచి మాత్రం ఉంది, అది పడుకునేది. ఏ లారీ కిందైనా పడిందో, ఎవరైనా తీసుకుపోయారో, తను నాకు ఇచ్చిన మర్యాద చాలనుకుని తానే పోయిందో.

ఎప్పుడూ అక్కడ ఏదీ తాగనిదాన్ని, ఆ తరవాత నాలుగు రోజులు ఆ బండి దగ్గర టీ తాగాను. గ్లాసు చల్లారేదాకా నిలబడ్డాను. బండావిడ గ్యాసు బండ గురించి చెప్పింది. కోడలి గురించి చెప్పింది. కోళ్ళ కొట్టువాడు ఎండ గురించి మాట్లాడాడు. ఆ కుక్కని వదిలేసినవాళ్ళని అన్నాళ్ళు తిట్టినవాళ్ళు, కుక్క లేదన్న సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నేను ఎత్తుదామంటే నోరు రాలేదు. అంతమందిలో నాది కాదన్నాను. నాది కానిది ఏదని ఏ మొహంతో అడగను?

పైకి వెళ్ళాను. చేతులు కడుక్కున్నాను. మధ్యాహ్నం ఫోను మోగితే బొచ్చుకుక్క మొహం ముందు పట్టుకున్నాను. బెంగగా ఉందా నాన్నా అని అడిగింది మేడం. కుక్కనే అడిగింది. అది ఫ్యాను వంక చూసింది. బాగానే ఉన్నాడమ్మా అని నేను చెప్పాను.